బిగుసుకొనిపోయిన ఆయిల్ ఫిల్టరును విప్పు విధానము



సేద్యశాస్త్రము బోధించువాడు ఇంజను మరమ్మతును గూర్చి వ్రాయుట ఏమని మీకు తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని నారు నాటు వయసు దాటిపోవుచుండగా, దమ్ము చేయవలసిన ట్రాక్టరు గట్టు మీద నిలిచిపోయినచో, నేను తరగతిలో చెప్పు పాఠమంతయు ఆ గట్టు మీదనే నిలిచిపోవును. అందువలన ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఇందులో కొంత భాగము నేను చేసిన తప్పు వలన నేర్చుకొన్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఖరీఫ్ కాలమున గోదావరి డెల్టాలోని ఒక గ్రామమునకు మా ప్రదర్శన క్షేత్రమును చూచుటకు వెళ్ళితిని. కాలువకు నీరు వచ్చి వారము దాటినది. ఊరిలో అన్ని చేలలోను దమ్ము సాగుచుండెను. మా క్షేత్రపు రైతు మాత్రము ట్రాక్టరు క్రింద పడుకొనియుండెను. ఆయిలు మార్చవలసిన గంటలు ఏనాడో దాటిపోయినవని ఆయన ఉదయముననే పాత ఆయిలు దించివేసెను. తీరా చూడగా ఫిల్టరు కదలలేదు. చేతితో పట్టి చూచెను. గోనెగుడ్డ చుట్టి చూచెను. చివరకు పైపు పానా పెట్టగా డబ్బా సొట్టలు పడినదే కాని మర వదలలేదు. నారు అప్పటికే 30 రోజులది.

చదువుకొన్నవాడినను ధీమా నాకు కొంత యుండెను. "మీరు లేవండి, నేను చూస్తాను" అంటిని. "తమ బట్టలు పాడవుతాయండీ" అని ఆయన మొగమాటపడెను. క్రిందికి దూరుటకు బదులు నేను పైనుండి వంగి, బెల్టు పానా తగిలించి, అన్ని మరలను విప్పునట్లే దీనిని కూడ ఎడమకు త్రిప్పితిని. అరగంట సేపు నేనును, ఆయన కుమారుడును కలిసి లాగితిమి. అంతలో ఊరి మేస్త్రి సైకిలు దిగి, కొంతసేపు మమ్ములను చూచి, "ఏమండీ సారూ, విప్పుతున్నారా, బిగిస్తున్నారా?" అని అడిగెను.

మేము బిగించుచుంటిమి.

తరువాత ఆ మేస్త్రి స్క్రూ డ్రైవరు దిగగొట్టి త్రిప్పగా డబ్బా రేకు చినిగినది. ఉలితో అంచు మీద కొట్టి కొట్టి, ప్రొద్దు క్రుంకు వేళకు అడుగు పళ్ళెమును ఊడదీసెను. క్రొత్త ఫిల్టరు ఊరిలో లేదు. మరునాడు పట్టణము నుండి తెచ్చినది మర కలియలేదు. దానిని మార్చి తెచ్చుటకు మరియొక రోజు పట్టినది. ఈలోగా అద్దె ట్రాక్టర్లు ఏవియు ఖాళీ లేవు. నాట్లు పడునప్పటికి నారు 36 రోజులు దాటినది. ముదిరిన నారు పిలకలు తక్కువ వేయును. కనుక కుదురుకు మొక్కలు పెంచి, కుదుళ్ళను దగ్గర దగ్గరగా నాటించితిమి. అయినను ప్రక్క చేలతో పోల్చిన ఆ చేను కోతల వరకు పలుచగనే కనిపించినది. ఆ రైతు నన్ను ఒక్క మాట కూడ అనలేదు.

ఫిల్టరు లోపల ఏమున్నది?

నేడు చాలా ట్రాక్టర్లలోను, జీపులలోను, కార్లలోను వాడునది రేకు డబ్బా వంటి ఫిల్టరు. దీనిని మొత్తముగా విప్పి పారవేసి క్రొత్తది బిగించుదురు. పాత ట్రాక్టర్లలో నడుమ పొడవైన బోల్టు గల గిన్నె ఉండి, లోపలి కాగితపు చుట్టను మాత్రమే మార్చుకొనుట కలదు. అట్టి గిన్నె గల బండ్లు నేటికిని కొన్ని గ్రామములలో నడుచుచున్నవి. కొన్ని క్రొత్త కార్లలో కూడ కాగితపు చుట్టను మాత్రమే మార్చు పద్ధతి మరల వచ్చినది. ఈ వ్యాసము రేకు డబ్బాను గూర్చి మాత్రమే.

డబ్బా మూతి వైపు దళసరి ఇనుప పళ్ళెముండును. పళ్ళెము నడుమ మరలు గల పెద్ద రంధ్రము, దాని చుట్టును చిన్న రంధ్రములు ఉండును. ఆయిలు చిన్న రంధ్రముల గుండ లోనికి పోయి, మడతలు పెట్టిన కాగితములో వడగట్టబడి, నడిమి రంధ్రము గుండ ఇంజనులోనికి తిరిగి వచ్చును. పళ్ళెము అంచున గాడిలో ఒక రబ్బరు వాషరు కలదు. ఆయిలు బయటకు కారకుండ ఆపునది ఈ వాషరే. డబ్బాను పట్టి ఉంచునది నడిమి మర. ఈ రెండింటి పనులు వేరని గుర్తుంచుకొనినచో తక్కినదంతయు తేలికగా బోధపడును.

డబ్బాలో మరియొక ఏర్పాటు కూడ సాధారణముగా ఉండును. కాగితము మడ్డితో పూడిపోయినపుడు బేరింగులకు ఆయిలు అందక ఇంజను పట్టివేయకుండుటకై ఒక చిన్న వాల్వు తెరచుకొని, వడగట్టని ఆయిలునే లోనికి పంపును. కొన్ని ఇంజనులలో ఈ వాల్వు డబ్బాలో కాక ఇంజనులోనే ఉండును. మురికి ఆయిలైనను ఆయిలు లేకుండుట కంటె మేలు గదా! కాని దీని వలన ఒక చిక్కు కలదు. ఫిల్టరు పూడిపోయిన సంగతి నడపువానికి తెలియదు. బండి యథాప్రకారము నడుచుచునే యుండును. దుమ్ము, మసి, లోహపు రజను మాత్రము బేరింగులను లోలోపల అరుగదీయుచుండును. "ఇంకా బాగానే నడుస్తున్నది గదా" అని ఫిల్టరును రెండు సంవత్సరములు ఉంచువారు ఈ విషయము గమనించవలెను. అట్లు ఉంచిన ఫిల్టరే విప్పబోవునాటికి మొండికెత్తును.

ఎందువలన బిగుసుకొనును?

తుప్పు పట్టుట వలన అని చాలామంది తలంతురు. అది అరుదు. నడిమి మర ఎల్లప్పుడు ఆయిలులో తడిసియుండును గనుక తుప్పు పట్టుటకు అవకాశము తక్కువ. అసలు కారణము రబ్బరు వాషరు. ఇంజను వేడికి వందల గంటలు ఉడికి, మరల చల్లారి, మరల ఉడికి, రబ్బరు గట్టిపడి ఇంజను ముఖమునకు జిగురు వలె అతుకుకొనును. బిగించునపుడు వాషరుకు ఆయిలు రాయకుండ పొడిగా బిగించినచో ఈ అతుకు మరింత గట్టిపడును. పొడి రబ్బరు బిగింపులో జారక మెలిపడును. పడిన మెలి తిరిగి సాగదు.

రెండవ కారణము అతి బిగింపు. చేతితో బిగించవలసిన దానిని పానాతో బిగించుట మనవారిలో చాలామందికి అలవాటు. కారునేమో అను భయమే దీనికి కారణము. నిజమునకు, అతిగా బిగించిన వాషరు నలిగి ప్రక్కకు జరిగి, అందువలననే కారుటయు కలదు.

కనుక తుప్పు వదలించు మందును డబ్బా చుట్టును చల్లి గంటల తరబడి వేచియుండుట వలన ప్రయోజనము స్వల్పము. ఆ మందు బిగిసియున్న రబ్బరు క్రిందికి చొరబడజాలదు. అతుకు వదలవలెనన్నచో కొంచెము వెచ్చదనము, నేర్పుగా ఇచ్చిన ఒక్క విసురు కావలెను. వెచ్చదనమనగా ఇంజనును నడిపినందువలన కలుగునదే. కిరసనాయిలు దీపము గాని, గ్యాసు మంట గాని ఫిల్టరు దగ్గరకు తేరాదు. డబ్బా నిండ ఆయిలున్నది. ప్రక్కనే డీజిలు గొట్టములున్నవి.

ఏ వైపునకు త్రిప్పవలెను?

నావలె చదువుకొన్నవారు కూడ తప్పు చేయుదురు గనుక దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాను. డబ్బా యొక్క మూసియున్న అడుగు భాగము మీ ముఖమునకు ఎదురుగా ఉన్నట్లు భావించుకొనుడు. ఆ స్థితిలో గడియారపు ముళ్ళకు వ్యతిరేక దిశలో త్రిప్పిన విప్పుట, ముళ్ళ దిశలో త్రిప్పిన బిగించుట అగును. డబ్బా క్రిందికి వ్రేలాడుచున్నపుడు మీరు క్రింద పడుకొని పైకి చూచినచో ఎడమకు త్రిప్పవలెను. అదే డబ్బాను పైనుండి వంగి చూచునపుడు ముళ్ళ దిశలో, అనగా కుడికి త్రిప్పవలెను. ఆనాడు నేను తప్పినది ఇక్కడనే. డబ్బా అడ్డముగా ఉన్న బండ్లలో కూడ అడుగు వైపు నుండి చూచినట్లే లెక్కించవలెను.

అనుమానమున్నచో క్రొత్త ఫిల్టరును చేతబట్టుకొని, పాతదాని ప్రక్కన అదే తీరున నిలిపి, ఎటు త్రిప్పిన మర ఎక్కునో ఊహించి చూడుడు. పాతదాని మీద సుద్దతో బాణపు గుర్తు గీసి అప్పుడు పానా పట్టుడు. ఈ గుర్తు గీయుటకు సిగ్గుపడనవసరము లేదు. నేను నేటికిని గీయుచున్నాను.

పని మొదలుపెట్టుటకు ముందు

అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త ఏమనగా, సరియైన క్రొత్త ఫిల్టరు చేతికి వచ్చిన తరువాతనే పాతదాని మీద చేయి వేయవలెను. డబ్బాలు పైకి ఒక్కటే మాదిరిగా కనిపించినను మర కొలత, వాషరు వెడల్పు, లోపలి వాల్వు వేరు వేరుగా ఉండును. బండితో ఇచ్చిన పుస్తకములోని నంబరు చూచి తీసుకొనవలెను. పుస్తకము పోయినచో పాత ఫిల్టరు మీది నంబరును కాగితము మీద వ్రాసుకొని దుకాణమునకు వెళ్ళవలెను.

రెండవ జాగ్రత్త, ఆయిలు దించుటకు ముందే ఫిల్టరు కదలునో లేదో చూచుట. ఇంజను ఆపి, అది కొంచెము కదిలినదని తెలియగానే ఆపి, అప్పుడు క్రింది బోల్టు విప్పి ఆయిలు దించవలెను. కదలించిన ఫిల్టరుతో ఇంజనును మాత్రము మరల స్టార్టు చేయరాదు. ఫిల్టరు ఎంతకును కదలనిచో, ఆయిలు ఇంకను బండిలోనే ఉన్నది గనుక బండిని మేస్త్రి వద్దకు నడిపించుకొని పోవచ్చును. మా క్షేత్రపు రైతు ఆయిలు ముందుగా దించివేయుటతో ఆ అవకాశమును పోగొట్టుకొనెను.

బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టి, తాళము తీసి జేబులో వేసుకొనవలెను. వెనుక పనిముట్టును నేలకు దించవలెను. జాకీ మీద లేపిన బండి క్రింద ఎట్టి పరిస్థితులలోను దూరరాదు. ఇంజను చల్లగా ఉన్నచో అయిదు నిమిషములు నడిపి ఆపవలెను. అప్పుడే పొలము నుండి వచ్చిన బండి అయినచో డబ్బా మీద చేయి ఆన్చి ఉంచగలిగినంత వరకు చల్లారనీయవలెను. కాగిన ఆయిలు మోచేతి వెంబడి కారిన కలుగు గాయము సామాన్యమైనది కాదు.

విప్పు పద్ధతులు

మొదట డబ్బాను శుభ్రముగా తుడువవలెను. జిడ్డు ఉన్నంతవరకు ఏ పట్టును నిలువదు. సబ్బు నీటిలో పిండిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరనద్దవలెను. తరువాత పాత సైకిలు ట్యూబును చీల్చి డబ్బా చుట్టును ఒక చుట్టు చుట్టి, రెండు చేతులతో పట్టి త్రిప్పవలెను. రబ్బరు మీద రబ్బరు వలె పట్టు దొరకును. గరుకు కాగితమును గరుకు వైపు డబ్బాకు ఆనునట్లు చుట్టినను అంతే. నిదానముగా నొక్కి పట్టుట కంటె, పట్టు బిగించి ఒక్క విసురుతో త్రిప్పుట మేలు. అతుకు వదలిన క్షణమున చిన్న చప్పుడుతో డబ్బా కదలును. ఆ తరువాత వ్రేళ్ళతోనే వచ్చును. సగము బండ్లకు ఈ పాటి చాలును.

ఇది చాలనపుడు బెల్టు పానా గాని, గొలుసు పానా గాని వాడవలెను. పానాను డబ్బా నడుమ తగిలించుట చాలామంది చేయు పొరపాటు. నడుమ రేకు పలుచన, లోపల కాగితము తప్ప వేరు ఆధారము లేదు. పట్టు బిగిసినకొలది అది లోనికి నలుగును. పళ్ళెమునకు వీలైనంత దగ్గరగా, అనగా ఇంజను వైపున తగిలించవలెను. అక్కడ పళ్ళెము లోపలినుండి దన్నుగా ఉండును. మీరు లాగు దిశలో బెల్టు బిగియవలెను. వదులగుచున్నచో పానాను తీసి తిరుగవేసి తగిలించుడు. డబ్బా అడుగున పలకలున్నచో వాటికి సరిపోవు గిన్నె పానా దుకాణములలో దొరకును. చోటు ఇరుకుగా ఉన్న బండ్లకు అదియే మంచిది.

పానా లేనివారు పాత ఫ్యాను బెల్టును కోసి చేసికొనవచ్చును. బెల్టును డబ్బా చుట్టును త్రిప్పి, రెండు కొనలను కలిపి ఒక ఇనుప కడ్డీకి దాని చివరకు కొంచెము ఇవతలగా గట్టిగా కట్టవలెను. కడ్డీ చివర డబ్బాకు ఆని యుండవలెను. రెండవ కొనను విప్పు దిశలో లాగినకొలది బెల్టు డబ్బాను బిగించి పట్టును. రెండు మూడు సార్లు జారినను విసుగు చెందక బెల్టును తుడిచి మరల కట్టుడు.

ఇంతవరకు చెప్పిన పద్ధతులతో డబ్బాకు హాని లేదు. ఇక్కడ ఒకసారి ఆగి ఆలోచించుడు. సరిగా ఇది దమ్ముల అదను అయి, డబ్బా సొట్టపడక, కారక ఉన్నచో, దానిని అట్లే ఉంచి, ఆయిలును మాత్రము మార్చి, కొద్ది రోజుల పని పూర్తి చేసికొని, తరువాత మేస్త్రి వద్ద విప్పించుకొనుట తెలివి తక్కువ కాదు. క్రొత్త ఆయిలుకు పాత ఫిల్టరు తగదనుట నిజమే. కాని డబ్బాకు రంధ్రము పడిన బండి ఒక్క గజము కూడ నడువదు. యంత్ర నిపుణులలో కొందరు నా ఈ సలహాను మెచ్చకపోవచ్చును. నారు ముదురుట వారు చూచియుండరు.

స్క్రూ డ్రైవరు దిగగొట్టుట చివరి ఉపాయము. క్రింద వెడల్పైన తొట్టి పెట్టి, కండ్లకు అద్దములు పెట్టుకొని, పొడవైన గట్టి స్క్రూ డ్రైవరును డబ్బా ప్రక్కనుండి రెండవ ప్రక్కకు వచ్చునట్లు సుత్తితో దిగగొట్టవలెను. డబ్బా అడుగు కొనకు దగ్గరగా కొట్టినచో రేకు కాగితము వలె చీలిపోవును. మరీ పళ్ళెము మీదకు కొట్టినచో లోపలి మర గొట్టమునకు దెబ్బ తగులును. పళ్ళెమునకు రెండు మూడు వ్రేళ్ళ ఎడముగా, నడిమికి కొంచెము ప్రక్కగా కొట్టుట మంచిది. ఇక్కడ విసురు పనికిరాదు. నిదానముగా, సమముగా లాగవలెను. రంధ్రము సాగుచున్నట్లు కనిపించిన వెంటనే ఆపవలెను.

రేకు చినిగి ఊడివచ్చినను భయపడనక్కరలేదు. మిగిలినది పళ్ళెము మాత్రమే. పళ్ళెము అంచున రేకు మడిచిన గట్టి పట్టీ ఉండును. మొద్దుబారిన ఉలిని ఆ పట్టీకి ఏటవాలుగా ఆన్చి, విప్పు దిశలో చిన్న చిన్న దెబ్బలు కొట్టవలెను. ఒకేచోట కొట్టక చుట్టును చోటు మార్చుచు కొట్టిన పళ్ళెము వదులగును. లేదా, ముక్కు పట్టకారు రెండు కొనలను పళ్ళెములోని ఎదురెదురు రంధ్రములలో దూర్చి, పట్టకారు నడుమ కడ్డీ పెట్టి త్రిప్పవచ్చును. ఉలి మొన ఇంజను ముఖమునకు తగులకుండ చూచుకొనవలెను. ఆ ముఖము మీద గీత పడినచో ఎంత మంచి వాషరు వేసినను ఆయిలు కారుచునే యుండును. ఫిల్టరు కూర్చుండు భాగము తెల్లని తేలిక లోహముతో చేసినదైన యెడల ఉలి వద్దు. అది పగులును. మేస్త్రిని పిలువుడు.

క్రొత్తది బిగించునపుడు

పాత వాషరు డబ్బాతో పాటు వచ్చినదో లేదో మొదట చూడవలెను. ఒక్కొక్కసారి అది ఇంజను ముఖమునకే అతుకుకొని నల్లగా కలిసిపోయి కంటికి కనబడదు. వ్రేలితో చుట్టును తడిమి చూడుడు. దానిమీద క్రొత్త ఫిల్టరు బిగించినచో రెండు వాషరులు ఒకదానిపై నొకటి జారి, ఇంజను వేగము పెరిగినంతనే ఆయిలు చిమ్మి, కొద్ది నిమిషములలో ఖాళీ అగును. ఇంజను పట్టివేయుటకు ఆపాటి చాలును. విప్పుటలో పడిన శ్రమ అంతయు ఇట్టి చిన్న మరపుతో వ్యర్థమైన సందర్భములు కలవు. మర గొట్టము కూడ పాత డబ్బాతో ఊడివచ్చినదేమో చూచి, వచ్చినచో దానిని తీసి ఇంజనుకు గట్టిగా బిగించవలెను.

ఇంజను ముఖమును గుడ్డతో తుడిచి, క్రొత్త వాషరుకు క్రొత్త ఆయిలును వ్రేలితో పలుచగా రాయవలెను. గ్రీజు, రంగు, జిగురు ఏవియు రాయరాదు. డబ్బా మూతి పైకి ఉండు బండ్లలో, బిగించుటకు ముందు డబ్బాను క్రొత్త ఆయిలుతో నింపుట మంచిది. చేతితో త్రిప్పుచు వాషరు ముఖమునకు తాకిన చోట ఆగి, అక్కడి నుండి సాధారణముగా ముప్పాతిక చుట్టు బిగించవలెను. డబ్బా మీద వేరు కొలత అచ్చువేసి యున్నచో దానినే పాటించవలెను. పానా ముట్టనవసరము లేదు.

క్రింది బోల్టు బిగించి, ఆయిలు పోసి, ఇంజనును స్టార్టు చేసి వేగము పెంచక నిదానముగా నడుపవలెను. ఆయిలు దీపము కొద్ది క్షణములలో ఆరిపోవలెను. పది క్షణములైనను ఆరనిచో ఇంజనును ఆపి కారణము వెదకవలెను. అయిదు నిమిషముల పిదప ఆపి, ఫిల్టరు చుట్టును పొడిగుడ్డతో తుడిచి చూచి, కొంతసేపటికి ఆయిలు కొలత కమ్మీని తీసి చూడవలెను. క్రొత్త ఫిల్టరు కొంత ఆయిలు పీల్చుకొనును గనుక ఆ లోటును పూరించవలెను.

చాలా ట్రాక్టర్లకు 250 గంటలకొకసారి ఆయిలును, ఫిల్టరును మార్చవలెనని చెప్పుదురు. కొన్ని క్రొత్త బండ్లకు ఈ గడువు ఎక్కువ. మీ బండి పుస్తకమే ప్రమాణము. గంటల మీటరు పనిచేయనివారు రోజువారీ పనిగంటలను పుస్తకములో వ్రాసుకొనవలెను. బండి తక్కువ నడిచినను సంవత్సరమునకు ఒకసారి మార్చుట మంచిది. ఈ పనిని రోహిణి కార్తెలోనే, ఏరువాకకు ముందే చేసికొనినవారికి, ఫిల్టరు మొండికెత్తినను నాలుగు రోజుల వ్యవధి ఉండును. బండి నిర్వహణను పద్ధతిగా నేర్చుకొనదలచినవారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు.

దించిన ఆయిలు

ఇది నా శాస్త్రమునకు సంబంధించిన సంగతి గనుక కొంచెము గట్టిగా చెప్పెదను. కాలిన ఆయిలును గట్టు మీద గాని, కాలువలో గాని, బోరు దగ్గర గాని పారబోయరాదు. అది మట్టి రేణువులకు పూతవలె పట్టుకొని నీరు ఇంకకుండ చేయును. వేళ్ళకు గాలి అందదు, నేలలోని సూక్ష్మజీవులు నశించును. ఆయిలు పడినచోట ఎంతకాలము గడచినను పైరు సరిగా రాకుండుట మీరును చూచియుందురు. నిలువ నీటి మీద అది పలుచని పొరగా ప్రాకి గాలిని అడ్డగించును. పశువుల గజ్జికి, పుండ్లకు కాలిన ఆయిలు పూయుట కొన్నిచోట్ల వాడుకలో ఉన్నది. అందులో లోహపు రజను, హానికరమైన రసాయనములు ఉండును. పశువు దానిని నాకును. పశువైద్యుని అడిగి మందు తెచ్చుకొనుడు.

వాడిన ఆయిలును 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములలో చేర్చియున్నారు. మూతగల డబ్బాలో పోసి, నీరు గాని డీజిలు గాని కలుపక, ఆయిలు సేకరించు వర్తకునికి గాని, సర్వీసు కేంద్రమునకు గాని ఇవ్వవలెను. పాత ఫిల్టరులో కూడ ఆయిలు నిలిచియుండును. దాని అడుగున మేకుతో రంధ్రము చేసి, డబ్బా మీద ఒక రాత్రి నిలిపి, పూర్తిగా ఓడ్చిన తరువాతనే పాత ఇనుమునకు వేయవలెను. క్రొత్త ఫిల్టరు మీద నాటి తేదీని, మీటరులోని గంటలను చెరగని సిరాతో వ్రాయుడు. దాని ప్రక్కనే విప్పు దిశకు బాణపు గుర్తు కూడ గీయుడు.